మొగ దాటే బోటు ఏది?

కోనసీమ మొగల్లోంచి, అంటే గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్ల నుంచి, సముద్రంలోకి వెళ్ళి గాలంతో ట్యూనా, కోనాం పట్టాలంటే ఎలాంటి చిన్న బోటు కొనాలి? జొన్నాడలో ఒకే ఇంటికి చెందిన ఇద్దరు ఈ ప్రశ్నకు చెరో జవాబు పట్టుకున్నారు. బావమరిది టెక్సస్‌లో కొన్నేళ్ళుండి, గాల్వెస్టన్ నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో గాలం వేటకు వెళ్ళి వచ్చినవాడు. బావ అంతర్వేది పల్లిపాలెంలో ఐసు వ్యాపారం చేస్తూ అక్కడి బోట్ల మీద తిరిగినవాడు. ఇద్దరి మాటకూ బలం ఉంది.

బావమరిది: సూటిగా చెప్పేస్తాను బావగారూ. 22 నుంచి 24 అడుగుల సెంటర్ కన్సోల్ బోటు, వెనక 150 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను. స్టీరింగు నడిమధ్యలో ఉంటుంది కాబట్టి చేప ఎటు లాగితే అటు, అడ్డం లేకుండా చుట్టూ నడవొచ్చు. దాని అడుగు ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా లోతుగా ఉంటుంది. 1960లో మయామీ నుంచి నసావు వరకు జరిగిన పందెంలో సముద్రం బాగా రేగి ఉంది. రేమండ్ హంట్ గీసిన అలాంటి అడుగుతోనే బెర్‌ట్రామ్ బోటు గెలిచింది. అప్పటినుంచి సముద్రంలో వేగంగా తిరిగే చిన్న బోట్లు చాలావరకు ఆ దారే పట్టాయి. అది అలను కోసుకుంటూ దిగుతుంది. చదును అడుగైతే అల మీద పడి మనిషి నడుం విరగ్గొడుతుంది.

బావ: అడుగు గురించి నువ్వు చెప్పింది నిజమే, కాదనను. కానీ నువ్వు సముద్రం సంగతే చెబుతున్నావు. మన దగ్గర బోటుకు పరీక్ష మొగలో. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది, వైనతేయ ఓడలరేవు దగ్గర కలుస్తుంది, గౌతమి యానాం దాటాక పాయలై కలుస్తుంది. ఏ మొగ తీసుకున్నా ఇసుక మేటే. వరద వచ్చి తగ్గిందంటే నిన్నటి దారిలో తిన్నె లేస్తుంది, పాత తిన్నె కొట్టుకుపోయి కొత్త దారి పడుతుంది. పాటు సమయంలో నది నీళ్ళు బయటికి తోస్తుంటే సముద్రపు అల లోపలికి వస్తుంది. రెండూ ఎదురుపడ్డ చోట అల నిటారుగా లేచి విరుగుతుంది. నీ బోటు ఇంజను కాలు దించి నడవాలంటే మూడడుగుల దాకా నీళ్ళు కావాలి. అల గోతిలో ఆ కాలు ఇసుకను తాకితే ఇంజను ఆగుతుంది, బోటు అడ్డం తిరుగుతుంది, వెనక వచ్చే అల తిరగేస్తుంది. మనవాళ్ళ 28 అడుగుల ఫైబర్ పడవ అడుగున్నర నీళ్ళలో తేలుతుంది. లాంగ్‌టెయిల్ ఇంజను తోకను చేత్తో పైకెత్తేసి, గెడతో నెట్టుకుంటూ లోపలికి వచ్చేస్తారు.

బావమరిది: గాల్వెస్టన్‌లోనూ ఇసుకే కదండీ. అక్కడ అందరూ ఇలాంటి బోట్లలోనే వెళ్తారు.

బావ: అక్కడ మొగకు రెండు వైపులా రాళ్ళ గోడలు సముద్రంలోకి కట్టుకుంటూ పోయారు. 19వ శతాబ్దం చివర్లో కట్టినవి. పైగా ఓడల కోసం దారి తవ్వుతూనే ఉంటారు. ఆ బోటును ఆ దారి కోసం చేశారు. అంతర్వేదిలో దారి తెలియాలంటే ఆ వారంలో దాటినవాణ్ణి అడగాలి.

బావమరిది ఇక్కడ వెనక్కి తగ్గలేదు, దారి మార్చాడు. వాదంలో అతని బలమైన మాటల్లో ఇదొకటి.

బావమరిది: అయితే బోటును కాకినాడలో ఉంచుతాను. 16 కిలోమీటర్ల పొడవున్న హోప్ ఐలాండ్ అక్కడ బంగాళాఖాతానికి అడ్డుగా పడుకుని ఉంది. అదీ గోదావరి తెచ్చిన ఇసుకే, ఇక్కడ మనకు అడ్డం పడుతున్న ఇసుకే అక్కడ కాపు కాస్తోంది. ఫిషింగ్ హార్బరుంది, ఐసుంది, లోతుంది. జొన్నాడ నుంచి హైవే మీదుగా పొద్దున్నే వెళ్ళిపోవచ్చు. లేదంటే బోటును ట్రెయిలర్ మీద ఇంటి దగ్గరే పెట్టుకుని, 216 జాతీయ రహదారి వెంట ఆ రోజు ఏ రేవు బాగుంటే అక్కడ దించుకుంటాను. మీ 28 అడుగుల పడవను అలా లాక్కెళ్ళగలరా?

బావ: లేదు, అది నీదే పైచేయి. కాకినాడలో ఉంచుతానంటే మొగ గురించి నేను చెప్పిన దాంట్లో సగం పోయినట్టే. కానీ మిగతా సగం చూడు. నువ్వు చేప వెంట దక్షిణానికి దిగి ఓడలరేవు ఎదుట ఉన్నావనుకో. గాలి లేచింది. మా పడవ ఏదో ఒక మొగలో దూరుతుంది. నీ బోటు కోనసీమ తీరమంతా దాటుకుని మళ్ళీ కాకినాడకే రావాలి. ఒకే తలుపున్న ఇల్లు అది.

బావమరిది: ఆ తలుపు దగ్గరికి నేను ఎంతసేపట్లో చేరతానన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదండీ. కాకినాడకు 50, 60 కిలోమీటర్ల అవతల కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రం ఉంది. అక్కడ సముద్రం 400 మీటర్లతో మొదలై 2,700 మీటర్ల దాకా లోతు. మన తీరానికి అంత దగ్గరలో అంత లోతు ఉండటం వేటగాడికి వరం. పెద్ద ట్యూనా, నెమలి కోనాం, కొమ్ముకోనాం తిరిగేది ఆ లోతు నీళ్ళలోనే. 40 కిలోమీటర్లు వెళ్ళాలంటే మీ 9.9 హార్స్‌పవర్ పడవకు మూడు గంటలు. నాకు గంట. పొద్దున నాలుగింటికి బయల్దేరితే నేను అయిదింటికి గాలం వేస్తాను. మీరు వేసేసరికి ఎండెక్కుతుంది. మధ్యాహ్నం తిరిగి సముద్రపు గాలి లేచే వేళకు నేను ఇంట్లో ఉంటాను.

బావ: పెట్రోలు లెక్క కూడా చెప్పు మరి.

బావమరిది: చెబుతాను, దాచేదేముంది. ఈ ఇంజను ఓ మోస్తరు వేగంలో గంటకు 30 లీటర్ల చుట్టూ తాగుతుంది. రానూ పోనూ 60 లీటర్లు. మీ చిన్న ఇంజను గంటకు నాలుగు లీటర్ల చొప్పున 24తో సరిపెడుతుంది. పైగా వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఆపదకు మూడో వంతు అన్న నియమం నేను తప్పను. అంటే 90 లీటర్లు పోయించుకుంటే గానీ కదలను. ఖర్చు రెండున్నర రెట్లు. ఆ ఖర్చుతో నేను కొంటున్నది నాలుగు గంటల సమయం.

బావ: సముద్రం ఒప్పుకున్న రోజున నాలుగు గంటలు. మీటరున్నర అల, అదీ దగ్గర దగ్గరగా వస్తుంటే నువ్వు ఆ వేగంతో పోలేవు. సగానికి తగ్గించాలి. తగ్గించావా, ఆ బోటు నీటి మీద తేలి పరుగెత్తడం మానేసి, ముక్కు పైకెత్తి నీళ్ళు తోసుకుంటూ పోతుంది. అప్పుడు కిలోమీటరుకు ఇంకా ఎక్కువ తాగుతుంది. పొడుగ్గా సన్నగా ఉన్న మా పడవ ఆ అలలో కూడా తన నడక తాను నడుస్తుంది. వేగం ప్రాణం కాపాడుతుందన్న నమ్మకమే నాకు భయం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను ఇక్కడెవరూ మరిచిపోలేదు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రంలో ఉన్నవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ రాత్రికి జవాబు వేగం కాదు, ఆ రోజు వెళ్ళకపోవడమే.

బావమరిది: ఆ మాటకు నేను ఎదురు చెప్పను. కానీ ఇప్పుడు వెళ్ళకూడదని ముందే తెలుస్తుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లతో పాటు చిన్న బోట్లకు విడిగా హెచ్చరికలు ఇస్తోంది. అల ఎత్తొక్కటే చూడదు. అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత తొందరగా ముదురుతోంది అన్నవి చూసి, బోటు తిరగబడే ప్రమాదం ఎక్కడుందో చెబుతుంది. కేంద్రం 2024లో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం మొదలుపెట్టింది. ఫోను సిగ్నలు లేని చోట నుంచి కూడా ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపొచ్చు. ఏ బోటు కొన్నా ఇవి తప్పవు.

బావ: ఏ బోటు కొన్నా.

ఇద్దరూ పూర్తిగా కలిసిన చోటు ఇది. తర్వాతి మాట చేపను బోటు దగ్గరికి తెచ్చే ఘట్టం గురించి. ఈ వాదంలో ప్రాణాలతో ముడిపడిన భాగం అదే కాబట్టి దాని మీద కాస్త నిలబడాలి.

బావమరిది: 2022లో ముత్యాలమ్మపాలెం మత్స్యకారుణ్ణి సముద్రంలో కొమ్ముకోనాం పొడిచి చంపింది. 2025 జూలైలో పూడిమడక నుంచి వెళ్ళిన మత్స్యకారుడు గాలానికి పడ్డ కొమ్ముకోనాంను లాగుతుంటే, అదే అతణ్ణి నీళ్ళలోకి లాక్కుపోయింది. వాళ్ళు చేతకానివాళ్ళు కాదు, ఆ నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ పడవలో తాడు చేత్తో పట్టుకోవాలి. అంచు మోకాలి ఎత్తు ఉంటుంది. కాళ్ళ కింద తాళ్ళు, వలలు, ఐసు పెట్టె. నేను చెప్పే బోటులో అంచు తొడల దాకా వస్తుంది, నిలబడ్డవాడు ఆనుకోవచ్చు. నేల నున్నగా ఖాళీగా ఉంటుంది. చేప లాగినప్పుడు తాడును కొద్దికొద్దిగా వదిలే రీలుంటుంది, కడ్డీని గుచ్చి నిలబెట్టే గొట్టాలుంటాయి. వంద కిలోల చేపతో మనిషి చేతులు పోటీ పడనక్కర్లేదు. దాన్ని అలసిపోనిచ్చి, బోటు పక్కకు తెచ్చి, కావాలంటే తాడు కోసి వదిలేయొచ్చు.

బావ: ఇది నా దగ్గర జవాబు లేని మాట. మా పడవల్లో తాడు చేతికి చుట్టుకోవద్దని పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు, చుట్టుకుంటూనే ఉంటారు. చేప జారిపోతే ఆ రోజు డీజిలు ఖర్చు మీద పడుతుందన్న భయం వాళ్ళది. రీలు, కడ్డీ, గొట్టాలు మా పడవకు కూడా బిగించుకోవచ్చు. అంచు మీద రెండడుగుల గొట్టపు కంచె వేయించొచ్చు, కత్తి ఎప్పుడూ చేతికందేలా కట్టొచ్చు. అయినా నేల విషయంలో నీ బోటే మేలు.

బావమరిది: ఇంకోటి కూడా. మనిషి నీళ్ళలో పడితే ఇంజను దానంతట అది ఆగిపోయే తాడుంటుంది. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి నడిపేవాడు అది కట్టుకోవడం చట్టం.

బావ: ఆ తాడు ఇక్కడి చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్లకూ వస్తుంది. వచ్చిన రోజునే విప్పి ఇంజనుకే కట్టేస్తారు. అలవాటు మారాలి. ఇప్పుడు చేప పడ్డాక సంగతి నేను చెబుతాను, అది నా వ్యాపారం. 40 కిలోల పచ్చరెక్కల ట్యూనా నాలుగడుగులకు పైగా పొడవుంటుంది. పట్టగానే రక్తం తీయాలి, మొప్పలు, పేగులు తీయాలి, ఐసులో నిండా దించాలి. 4 డిగ్రీల పైన వదిలేస్తే మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. అది పుట్టాక ఎంత వండినా పోదు, తిన్నవాడికి దద్దుర్లు, వాంతులు. నీ బోటు నేల కింది పెట్టెలో ఆ చేప వంగి పడుకుంటుంది. రెండోది పడితే ఎక్కడ పెడతావు? ఎండలోనా? మా పడవలో ఐసు పెట్టె మనిషి పడుకునేంత ఉంటుంది.

బావమరిది: రెండోది పడితే వదిలేస్తాను. నేను అమ్మడానికి వెళ్ళడం లేదు బావగారూ. ఇంటికి ఒకటి చాలు.

బావ: అదే మన ఇద్దరికీ అసలు తేడా. అమ్మని బోటు ఏడాదికి ఎన్ని రోజులు కదులుతుంది? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు ఉన్న దేనికీ వేట లేదు. తర్వాత నైరుతి అలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. సముద్రం నెమ్మదిగా ఉండేది జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఆ మూడు నెలల్లో నువ్వు శనాదివారాలు వెళ్తావు. మిగతా కాలమంతా ఆ ఇంజను ఉప్పు గాలిలో ఊరికే నిలబడుతుంది. ఊరికే నిలబడ్డ ఇంజనే ముందు చెడుతుంది.

అందులోనూ పెట్రోలు సంగతి చూడు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అవుట్‌బోర్డ్ తయారీ కంపెనీలు ఎక్కువగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్ళు అడుగుకు చేరతాయి. ఒడ్డుకు 40 కిలోమీటర్ల అవతల ఆ నీళ్ళు ఇంజనులోకి వచ్చాయనుకో! డీజిలు ఇంజనుకు ఆ బాధ లేదు. అది ఆగినా పల్లిపాలెంలో ఎవరైనా విప్పి బిగిస్తారు. నీ ఇంజనుకు కంప్యూటరు పట్టుకుని మనిషి రావాలి.

ఈ మాట బావమరిదిని తాకింది. బోటు కొనేటప్పుడు పొడవు, ఇంజను బలం, రంగు అన్నీ చూసే కొనుగోలుదారులు ఇంధనం దగ్గర ఆగి ఆలోచించడం తక్కువ. ఆంధ్ర తీరంలో అవుట్‌బోర్డ్ బోటు కొనేవారికి ఇది అన్నిటికన్నా ముందు రావలసిన ప్రశ్న.

బావమరిది: ఒప్పుకుంటున్నాను. నీళ్ళను వేరుచేసే ఫిల్టరు రెండు వరుసల్లో పెట్టాలి, వేట అయ్యాక ట్యాంకు ఖాళీ చేయాలి, కంపెనీ రాసిచ్చిన ఇథనాల్ పరిమితి చూశాకే ఇంజను ఎంచుకోవాలి. ఒక్క పెద్ద ఇంజను బదులు రెండు చిన్నవి పెట్టుకోవచ్చు. ఒకటి ఆగితే రెండోది ఇంటికి తెస్తుంది.

బావ: రెండింటికీ ఒకే ట్యాంకు అయితే రెండూ ఒకేసారి ఆగుతాయి. ట్యాంకులు వేరు చేయించు. మా పడవలకు రెండో ఇంజను లేదు, అది మా లోపమే. ఒకరి పడవ ఆగితే ఇంకొకరు లాక్కొస్తారని జట్టుగా వెళ్తారు. ఒంటరిగా వెళ్ళే నీ బోటుకు ఆ జట్టు ఉండదు.

బావమరిది: మునిగితే?

బావ: నువ్వే చెప్పు.

బావమరిది: బోస్టన్ వేలర్ కంపెనీ 1961లో లైఫ్ పత్రిక ఫోటోల కోసం బోటును రంపంతో అడ్డంగా కోసి చూపించింది. సగం ముక్క కూడా మనిషిని మోస్తూ తేలింది. రెండు పొరల మధ్య నురుగు నింపడం వల్ల. నేల మీద పడ్డ నీళ్ళు వాటంతటవే బయటికి పోయే కన్నాలుంటాయి. నేను కొనేది అలా తేలేదై ఉండాలి, లేకపోతే కొనను.

బావ: మన పాత చెక్క తెప్పకు మునగడమే లేదు, దుంగలు కట్టిందే కదా. లోపల గుల్లగా ఉన్న ఫైబర్ పడవ వచ్చాక ఆ ధైర్యం పోయింది. అరల్లో థర్మోకోల్ కూరి మూసి కట్టమని కట్టేవాడితో చెప్పొచ్చు. ఖర్చు పెరుగుతుందని చాలామంది చెప్పరు. నీ షరతే నా పడవకూ పెడతాను.

జొన్నాడ వారు వేసే ఒక ప్రశ్న కూడా మధ్యలో వచ్చింది. ఊరి రేవులోనే బోటు కట్టేసుకుని, గౌతమి వెంట కోటిపల్లి, యానాం మీదుగా సముద్రంలోకి పోలేమా? ధవళేశ్వరం ఆనకట్ట జొన్నాడకు ఎగువనే ఉంది కాబట్టి దారిలో గేట్లు లేవు. వరద నెలల్లో నీళ్ళుంటాయి, అప్పుడు సముద్రం వేటకు పనికిరాదు. సముద్రం బాగున్న నెలల్లో నదిలో లంకలు, ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఇద్దరూ ఆ ఆలోచనను వెంటనే పక్కన పెట్టారు.

బావ: చివరిగా ఒకటి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళు మరబోట్లకు కాకుండా చిన్న మత్స్యకారులకు వదలాలని 1994 నాటి రాష్ట్ర చట్టం కింద నియమం ఉంది. తెల్లవారుజామున ఆ నీళ్ళలో కిలోమీటర్ల పొడవున వలలుంటాయి. నువ్వు అదే చీకట్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వాటి మీదుగా పోతావు. ఒక వల తెగితే ఒక ఇంటికి నెల తిండి పోతుంది. నీ ఇంజను ఫ్యానుకు వల చుట్టుకుంటే నువ్వూ అక్కడే ఆగుతావు.

బావమరిది: ఆ 8 కిలోమీటర్లూ మెల్లగానే వెళ్తాను. మొదటి ఏడాది అక్కడి మనిషిని జీతానికి పెట్టుకుని అతను చూపిన దారిలోనే పోతాను. చమురు ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్లలోకి వెళ్ళను. చేపలు అక్కడే మూగుతాయని తెలిసినా వెళ్ళను. కానీ బావగారూ, మీ పడవలో అయిదుగురు కావాలి. నా బోటును ఇద్దరు నడపొచ్చు.

బావ: ఆ అయిదుగురికి పని దొరుకుతుంది. నువ్వు టెక్సస్ వెళ్ళిన నెలల్లో కూడా పడవ నడుస్తుంది, వాటా వస్తుంది, ఇంజను కదులుతూ ఉంటుంది.

బావమరిది: మంచి మాటే. అయినా అది వేరే వ్యాపారం. నాకు కావలసింది నా చేత్తో నడిపే బోటు.

బావ: అయితే కాకినాడలో ఉంచు. అంతర్వేదిలో ఉంచాలనుకుంటే మాత్రం నా పడవే కొను.

బావమరిది దానికి అవునని గానీ కాదని గానీ అనలేదు. ఎంపిక తేలలేదు గానీ, బోటును కట్టేసే రేవు ముందు తేలాలన్న చోటికి ఇద్దరూ వచ్చారు. సముద్రపు వేటకు బోటు కొనదలిచిన పాఠకులకు ఒక విన్నపం. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో అంతర్వేది పల్లిపాలెంలోనూ, కాకినాడ హార్బర్‌లోనూ బోట్లు ఆగి ఉంటాయి. మరమ్మతు కోసం ఒడ్డెక్కించిన వాటి అడుగులు, ఫ్యాన్లు, అతుకులు దగ్గరగా చూడొచ్చు. వాటిని నడిపేవాళ్ళకు మాట్లాడే తీరిక కూడా అప్పుడే ఉంటుంది. బయానా ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి వాళ్ళను అడగండి.